లేసాన్ అపపానే: మూడు పిట్టలు మిగిలిన దీవి

#1 · ఉప్పుటేరు

నిన్న రాత్రి నూరేళ్లు దాటిన ఒక మూగ చిత్రం చూశాను. చాలా చిన్నది. లేసాన్ అపపానే అనే ఒక పిట్ట పాడుతూ ఉంటుంది. ముక్కు తెరుచుకోవడం కనిపిస్తుంది, పాట మాత్రం వినిపించదు. 1923 ఏప్రిల్‌లో లేసాన్ దీవిలో డొనాల్డ్ డిక్కీ తీసిన చిత్రం అది. అది తీసిన కొద్ది రోజులకే ఆ జాతి అంతరించింది. చూశాక నిద్ర పట్టలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

లేసాన్ హవాయిలోని హొనొలులుకు వాయవ్యంగా సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో, పసిఫిక్ నడిమధ్యన ఉంది. మొత్తం వైశాల్యం నాలుగు చదరపు కిలోమీటర్ల పైచిలుకు, అంటే మన పల్లెల్లో ఒక ఊరి పొలమంత. మధ్యలో సముద్రం కన్నా ఉప్పగా ఉండే ఒక సరస్సు, దాని చుట్టూ ఇసుక, గడ్డి దుబ్బులు, పొదలు. లక్షల కొద్దీ సముద్రపు పక్షులు గుడ్లు పెట్టడానికి అక్కడికి వచ్చేవి. వాటి మధ్యన, ప్రపంచంలో మరెక్కడా లేని చిన్న పిట్టలు కొన్ని బతికేవి. వాటిలో ఒకటి ఫించ్ కుటుంబానికి చెందిన ఈ లేసాన్ అపపానే. ఎర్రని ఒళ్లు, కొద్దిగా వంపు తిరిగిన సన్నని ముక్కు. పూలలో తేనె తాగేది, చిమ్మటలనూ గొంగళి పురుగులనూ పట్టేది, గడ్డి దుబ్బుల్లో గూడు కట్టుకునేది.

1890 ప్రాంతంలో పక్షుల రెట్టల ఎరువు తవ్వడానికి మనుషులు దిగారు. 1892లో రాత్‌షీల్డ్ అనే ఇంగ్లీషు జంతుశాస్త్రవేత్త ఈ పిట్టకు శాస్త్రీయ నామం పెడుతూ, దీవి బాధ్యత చూస్తున్న జార్జ్ ఫ్రీత్ పేరు తగిలించాడు. అక్షరాలు తప్పు పడి అది ‘ఫ్రెయితీ’ అయింది. ఇప్పటికీ ఆ తప్పు పేరే శాస్త్ర గ్రంథాల్లో నిలిచి ఉంది.

ఆ తర్వాత దీవి పెత్తనం మాక్స్ ష్లెమ్మర్ అనే జర్మన్ వలసదారు చేతికి వచ్చింది. ఎరువు తరిగిపోతున్న రోజులు. మరో వ్యాపారం కావాలి. మాంసం డబ్బాల్లో నింపి అమ్మవచ్చునని 1903 ప్రాంతంలో కుందేళ్లను తెచ్చి వదిలారు. నక్క లేదు, పాము లేదు, గద్ద లేదు. ఇరవై ఏళ్లలో దీవి దాదాపు బోడి ఇసుక దిబ్బ అయింది. ఇరవైకి పైగా మొక్క జాతులు కనుమరుగయ్యాయి. అక్కడ చందనం చెట్లు కూడా ఉండేవంటే నమ్మండి. అవీ పోయాయి.

1923లో అలెగ్జాండర్ వెట్‌మోర్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు ‘టానజర్’ అనే నౌకాదళ ఓడలో వెళ్లారు (అది కూడా ఒక పిట్ట పేరే). అప్పటికి మిగిలిన అపపానేలు మూడు. వాళ్లు అక్కడ ఉండగానే ఇసుక తుపాను లేచింది. అది తగ్గాక వెతికితే ఒక్కటీ కనిపించలేదు.

ఈ పిట్టను ఎవరూ వేటాడలేదు. దాని కాళ్ల కింద ఉన్న పచ్చదనాన్ని తీసేశారు, అంతే. దీని మీద మీ మాటలు వినాలని ఉంది.

#2 · తొలకరి

నమస్కారం అండీ. నేను డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను. ఫించ్‌లంటే గింజలు కొరికే మొద్దు ముక్కు పిట్టలని చదువుకున్నాం. తేనె తాగే సన్న ముక్కు పిట్ట ఫించ్ ఎలా అవుతుంది? దీన్ని తెలుగులో తేనెపిట్ట అనవచ్చా?

#3 · తూర్పు కనుమ

తొలకరీ, తేనెపిట్ట అనవద్దమ్మా. ఆ పేరు మన పెరట్లో మందార పూల చుట్టూ తిరిగే సన్‌బర్డ్‌ది. రెండింటికీ చుట్టరికం లేదు. తేనె తాగే పని ఒకటే కావడంతో ముక్కులు ఒకే తీరుగా మారాయి.

అపపానే మాత్రం ఫించ్ కుటుంబానిదే. లక్షల ఏళ్ల కిందట ఆసియా వైపు నుంచి ఒక ఫించ్ గుంపు హవాయి దీవులకు చేరింది. అక్కడ దాని సంతానం రకరకాల దారులు పట్టింది. కొన్నింటికి చిలుక ముక్కు వచ్చింది, కొన్నింటికి కొడవలి ముక్కు, కొన్నింటికి సూది ముక్కు. జన్యువులు పరిశీలించిన వాళ్లు చెప్పేదేమిటంటే, వీటికి దగ్గర బంధువులు రోజ్‌ఫించ్‌లు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. ఆ రోజ్‌ఫించ్‌లలో ఒకటి ప్రతి చలికాలం మన తూర్పు కనుమలకు వస్తుంది. మగది తల, ఛాతీ ఎర్రగా ఉంటాయి. వెదురు గింజలు ఇష్టంగా తింటుంది కాబట్టి మనవాళ్లు దాన్ని వెదురు పిచ్చుక, వెదురు జీనువాయి అనేవారని 19వ శతాబ్దంలో జెర్డన్ అనే పక్షిశాస్త్రవేత్త రాసుకున్నాడు. ఆ పేరు పెట్టిన మనిషి ఎవరో గానీ, పిట్టనూ దాని మేతనూ కలిపి ఒక్క మాటలో చెప్పాడు. చలికాలంలో అరకు వైపు వెళితే వెదురు పొదల దగ్గర కాసేపు నిలబడండి. లేసాన్ పిట్టకు దూరపు దాయాది కనిపించవచ్చు.

గింజలు కొరికే అసలు సిసలు ఫించ్‌లు కూడా హవాయిలో ఉండేవి. పెద్ద హవాయి దీవిలో కోనా ప్రాంతపు అడవిలో 1887లో విల్సన్ అనే పక్షి పరిశోధకుడు ఒక మొద్దు ముక్కు పిట్టను చూశాడు. నాయియో అనే చెట్టు ఎండు గింజలు దాని మేత. గట్టి గింజను అది పగలగొట్టే చప్పుడును బట్టే ఎక్కడుందో తెలుసుకునేవారట. అదే అడవిలో కోవా చెట్టు పచ్చి కాయల్లోని గింజలు తిని బతికే కోవా ఫించ్‌లు 1891లో బయటి ప్రపంచానికి తెలిశాయి. 1896 తర్వాత వాటిని ఎవరూ చూసినట్టు ఆధారం లేదు. తెలిసి అయిదేళ్లు. అంతలోనే అయిపోయింది.

#4 · నల్లరేగడి

నాకు పక్షుల గురించి పెద్దగా తెలియదు గానీ కుందేళ్ల గురించి తెలుసు. పన్నెండేళ్ల కిందట పొలంలో షెడ్డు వేసి మూడేళ్లు పెంచాను. ఆడ కుందేలు నెల రోజుల్లో ఈనుతుంది. ఒక ఈతకు అయిదో ఆరో పిల్లలు. ఈనిన కొద్ది రోజులకే మళ్లీ చూలుకు సిద్ధం. ఆ పిల్లలు అయిదారు నెలలకు తల్లులవుతాయి. లెక్క మీరే వేసుకోండి.

ఒకసారి గేటు సరిగ్గా వేయక పది పన్నెండు కుందేళ్లు పక్కనున్న కూరమడిలోకి పోయాయి. రాత్రి ఎనిమిదింటి నుంచి తెల్లవారే దాకా, అంతే. పొద్దున చూస్తే పాలకూర లేదు, తోటకూర లేదు. మేక అయితే పైనుంచి ఆకు తెంపుతుంది, మొదలు మిగులుతుంది. కుందేలు నేలకు ఆనించి కొరుకుతుంది. ఎండాకాలం పచ్చి దొరకకపోతే బెరడు ఒలుస్తుంది, వేరు తవ్వుతుంది. నా దగ్గర రెండు మామిడి మొక్కలకు చుట్టూ బెరడు ఒలిచి చంపాయి.

ఉప్పుటేరు గారు చెప్పిన దీవి నాలుగు చదరపు కిలోమీటర్లంటే వెయ్యి ఎకరాలు. వెయ్యి ఎకరాల్లో అడ్డూ ఆపూ లేకుండా ఇరవై ఏళ్లు! గడ్డి దుబ్బు వేరుతో సహా పోతే ఇసుకను పట్టి ఉంచేది ఏముంటుంది? ఆ తుపాను గాలికి లేచిన ఇసుక కుందేళ్లు విప్పి పెట్టిన ఇసుకే అని నా నమ్మకం.

#5 · పాలపిట్ట

అందరూ కుందేళ్ల మీద పడ్డారు. నేను కాస్త అడ్డుపడతాను, కోపగించుకోకండి. ఉప్పుటేరు గారూ, ‘ఎవరూ వేటాడలేదు’ అన్నారు. ఆ దీవిలో వేట జరగలేదా? 1909లో ఈకల వ్యాపారుల కోసం జపాన్ నుంచి వచ్చిన వేటగాళ్లు అక్కడ చంపిన పక్షులు దాదాపు 3 లక్షలని అంచనా. ఆడవాళ్ల టోపీల మీద పెట్టడానికి రెక్కలు కోసి మూటలు కట్టారు. 1910 జనవరిలో ‘థెటిస్’ అనే ఓడ వెళ్లి 23 మందిని పట్టుకుంది. ఇంత ఘోరం జరిగిన చోట నేరమంతా కుందేలు మీద వేస్తే మనిషిని వదిలేసినట్టు కాదా?

ఇంకొకటి. చివరి మూడు పిట్టలను చంపింది తుపాను. ఆ వారం గాలి రాకపోయి ఉంటే?

#6 · ఉప్పుటేరు

పాలపిట్ట గారూ, కోపం ఎందుకండీ. మీరన్న వేట నిజమే, ఆ లెక్కలూ నిజమే. అయితే వాళ్లకు కావలసింది ఆల్బట్రాస్‌ల వంటి పెద్ద సముద్రపు పక్షుల రెక్కలు. అవి మహాసముద్రం మీద తిరిగే పక్షులు. మళ్లీ వచ్చాయి, మళ్లీ గుడ్లు పెట్టాయి, ఈ రోజుకీ లేసాన్‌లో లక్షల్లో ఉన్నాయి. పోయింది ఎవరు? దీవి దాటి ఎక్కడికీ పోలేని చిన్న పిట్టలు.

తుపాను గురించి నేను చాలా ఆలోచించాను. లేసాన్‌కు గాలి కొత్తదా? వేల ఏళ్లుగా అక్కడ గాలులు వీస్తూనే ఉన్నాయి. గడ్డి దుబ్బు ఉన్నన్నాళ్లూ పిట్ట దాని మొదట్లో దూరి గాలిని గడిపేసింది. 1923లో దూరడానికి దుబ్బు లేదు.

నాకు అన్నిటికన్నా గట్టి సాక్ష్యంగా కనిపించేది ఇదీ. అదే దీవి, అదే కుందేళ్లు, అదే తుపాను. లేసాన్‌లో నేల మీద బతికే ప్రత్యేక పక్షులు అయిదు రకాలు. అన్నీ చావలేదు. ఎవరు బతికారో చూస్తే వాళ్ల మేత ఏమిటో తెలిసిపోతుంది. లేసాన్ ఫించ్ అనే మొద్దు ముక్కు పిట్ట బతికింది, ఇప్పటికీ ఉంది. అది గింజ దొరికితే గింజ, లేకపోతే సముద్రపు పక్షుల గుడ్లను ముక్కుతో పొడిచి తాగేస్తుంది. గుడ్లకు కుందేలు పోటీ రాదు. లేసాన్ బాతు పదీ పన్నెండుకు దిగజారి కూడా బతికింది. ఉప్పు సరస్సు ఒడ్డున మూగే ఈగలు దాని ఆహారం. ఆ ఈగలనూ కుందేలు తినదు. ఎగరలేని చిన్న రెయిల్ కోడి గుడ్లూ పురుగులూ తిని 1923 నాటికి రెండు మిగిలింది. మిల్లర్‌బర్డ్ అనే పురుగుల పిట్టకు ఆకుల మీద పురుగు కావాలి. ఆకు పోగానే అది అందరికన్నా ముందే పోయింది. అపపానేకు పువ్వు కావాలి, పువ్వును వెతుక్కుంటూ వచ్చే చిమ్మట కావాలి. ఆ రెండూ మొక్కను పట్టుకుని ఉండేవే.

మనిషిని వదిలేయాలని నేను అనలేదు. కుందేలు ఈదుకుంటూ రాలేదు కదా.

#7 · లెహువా

నేను హొనొలులులో పదకొండేళ్లుగా ఉంటున్నాను. మా ఊరు తెనాలి. ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయాను.

లేసాన్‌కు మాలాంటి వాళ్లను వెళ్లనివ్వరు. పరిశోధకులు కూడా కొత్త బట్టలు, కొత్త చెప్పులు వేసుకుని, వాటిని గడ్డకట్టించే చలిలో ఉంచిన తర్వాతే దిగాలి. ఒక్క విత్తనం, ఒక్క చీమ కూడా వెంట రాకూడదని. 2006లో ఆ దీవుల వరుసంతా పాపహానౌమొకువాకెయా అనే రక్షిత ప్రాంతం అయింది.

కానీ అపపానేను చూశాను. లేసాన్‌ది కాదు, దాని అక్క అనుకోండి. పెద్ద దీవిలో అగ్నిపర్వతాల పార్కుకు వెళ్లినప్పుడు ఓహియా చెట్లు పూసి ఉన్నాయి. ఎర్రని కుచ్చుల్లాంటి పూలు, వాటినే లెహువా అంటారు. పూలలో ఒకటి కదిలింది. పూవే ఎగిరిందనుకున్నాను. ముదురు ఎరుపు ఒళ్లు, తోక కింద తెలుపు. దాని దగ్గరే మా అబ్బాయి నోరు మూసుకుని పావుగంట నిలబడ్డాడు, ఇంట్లో ఒక్క నిమిషం నిలబడని పిల్లవాడు. మ్యూజియంలో ఉన్న లేసాన్ పిట్టల వర్ణన చదివితే వాటి ఎరుపు ఇంకాస్త లేతగా ఉండేదని, ముక్కు కాస్త పొట్టిదని అర్థమైంది.

ఇక్కడి వాళ్లు ఈ పిట్టలను ఇంట్లో పెద్దవాళ్ల గురించి మాట్లాడినట్టు మాట్లాడతారు. పూర్వం రాజుల అంగీలకు, శిరస్త్రాణాలకు వీటి జాతుల ఈకలు కుట్టేవారు. ఇప్పుడు దోమల వల్ల వచ్చే పక్షుల మలేరియా వీటిని కొండ మీదకు, ఇంకా మీదకు తరుముతోంది. దోమ రాని చల్లని ఎత్తులు ఏటేటా తగ్గుతున్నాయి. అపపానే కొంత తట్టుకుంటోంది. దాని తోబుట్టువులు చాలా వరకు తట్టుకోలేకపోయాయి.

#8 · తొలకరి

తూర్పు కనుమ గారూ, ధన్యవాదాలు. లెహువా గారూ, మీ అబ్బాయి సంగతి చదివి చాలా సంతోషం కలిగింది.

ఒక్క ప్రశ్న నన్ను వదలడం లేదు. మూడే మిగిలాయని వాళ్లకు తెలుసు. ఓడ ఉంది, మనుషులు ఉన్నారు. పట్టి పంజరంలో పెట్టి తీసుకువెళ్లి ఉండవచ్చు కదా! ఫొటో తీసే సమయం ఉన్నవాళ్లకు పట్టే సమయం లేదా?

#9 · పాలపిట్ట

తొలకరీ, ఈ ప్రశ్న వేసింది నువ్వు కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఆ మూడింటిలో ఆడ ఏది మగ ఏది అన్నదే ఒక అనుమానం. పూల తేనె తాగే పిట్టను ఓడ మీద రోజుల తరబడి ఏం పెట్టి బతికిస్తావు?

నాకు ఆ వారం కన్నా దానికి పదేళ్ల ముందు జరిగినదే ఎక్కువ బాధ. ఉప్పుటేరు గారి లెక్క చదివాక నా మాట కొంత మార్చుకుంటున్నాను కూడా. 1909 ఫిబ్రవరి 3న అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ ఈ దీవులన్నిటినీ పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. తుపాకి పట్టుకుని వచ్చేవాణ్ణి ఆపే కాగితం అది. అప్పటికే లోపల ఆరేళ్లుగా మేస్తున్న కుందేలును అది ఏం చేస్తుంది? 1911లో వెళ్లిన అయోవా విశ్వవిద్యాలయం వారు ప్రమాదం చూసి హెచ్చరించారు. 1912 చివర ఒక బృందం వెళ్లింది, కొన్ని నెలలు ఉండి 5,000కు పైగా కుందేళ్లను కాల్చింది. తూటాలు అయిపోయాయి. వెనక్కి వచ్చేశారు. ఇంకా వేలు మిగిలే ఉన్నాయి.

కుందేళ్ల కోసం మళ్లీ వెళ్లింది 1923లో. మధ్యలో పదేళ్లు! ఇంకో ఓడ, ఇంకో పెట్టె తూటాలు 1914లో పంపి ఉంటే, మనం ఈ రోజు ఆ పిట్ట పాట విని ఉండేవాళ్లం. ఇది నా అభిప్రాయం, ఎవరు కాదన్నా మార్చుకోను. చివరి మూడింటిని ఎందుకు పట్టలేదని కాదు, చివరి మూడు అయ్యేదాకా ఎందుకు ఆగారని అడగాలి.

#10 · కలివి పొద

పట్టుకోవడం గురించి మా కడప జిల్లా అనుభవం చెప్పాలి. కలివికోడి కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. 1848లో జెర్డన్ మొదట గుర్తించాడు. 1900 తర్వాత ఎక్కడా కనిపించక అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల ప్రాంతంలో మళ్లీ దొరికింది. రాత్రిపూట దీపం వెలుగులో దాన్ని పట్టింది ఒక స్థానిక వేటగాడు. శాస్త్రవేత్తలు చేరేసరికో, చేరిన కాసేపటికో గానీ, మొత్తం మీద ఆ పిట్ట పంజరంలో ఎక్కువ రోజులు నిలవలేదు. చనిపోయింది. తొలకరి గారి ప్రశ్నకు అది ఒక జవాబు.

ఆ తర్వాత జరిగింది మంచి పని. పిట్టను వదిలి దాని నేలను పట్టుకున్నారు. శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం దానికోసం వచ్చింది. పల్చగా కలివి పొదలు, మధ్య మధ్య ఖాళీ నేల, అదీ దాని ఇల్లు. పొదలు మరీ చిక్కబడినా ఉండదు, పూర్తిగా నరికేసినా ఉండదు. 2005 ప్రాంతంలో తెలుగు గంగ కాలువ తవ్వకం దాని నేల మీదకు వచ్చినప్పుడు పెద్ద గొడవే అయింది, కాలువ దారి మార్చారు.

మా తాత గొర్రెలు మేపినవాడు. ‘అడవంటే పెద్ద మానులే అనుకుంటారు, ఈ ముళ్ల కంప ఎవరికి కావాలి అంటారు’ అని ఆయన బాధపడేవాడు. లేసాన్ గడ్డి దుబ్బులను కూడా ఎవరో ఇలాగే చూసి ఉంటారు.

#11 · విత్తనాల మూట

నేను ఉద్యానశాఖలో పని చేసి రిటైరైనవాణ్ణి. అందరూ పోయినదాని గురించి రాశారు, తిరిగి వచ్చినదాని గురించి రాస్తాను.

1923లో ఆఖరి కుందేలును కాల్చాక దీవి దానంతట అదే మెల్లగా పచ్చబడింది. ఇసుకలో దాక్కున్న విత్తనాలు ఎంత మొండివో నాకు తెలుసు. కానీ ఆ తర్వాత ఇంకో ముప్పు. ముళ్ల కాయల విదేశీ గడ్డి ఒకటి అల్లుకుపోయి స్థానిక దుబ్బు గడ్డిని తోసేసింది. 1990లలో మనుషులు గుడారాల్లో ఉండి, ఏళ్ల తరబడి, చేత్తో పీకి, మందు కొట్టి దాన్ని నిర్మూలించారు. కలుపు తీసినవాడికే ఆ పని విలువ తెలుస్తుంది. ఒక్క మొక్క గింజ రాల్చితే మళ్లీ మొదటికి వస్తుంది. స్థానిక దుబ్బు గడ్డిని తిరిగి నాటారు.

ఆ గడ్డి నిలిచింది కాబట్టే 2011లో నిహోవా దీవి నుంచి 24, మరుసటి ఏడు 26 మిల్లర్‌బర్డ్‌లను సుమారు 1,000 కిలోమీటర్లు ఓడలో తెచ్చి లేసాన్‌లో వదిలారు. అంతరించిన లేసాన్ మిల్లర్‌బర్డ్‌కు ఇవి ఒకే జాతిలోని మరో తెగ. గూళ్లు కట్టాయి, పిల్లలను చేశాయి. సుమారు తొంభై ఏళ్ల తర్వాత ఆ పొదల్లో మళ్లీ ఆ రకం పిట్ట కూత.

అలాగే హవాయి కొండల అపపానేను తెచ్చి వదలవచ్చా? నాకైతే వద్దనిపిస్తుంది. అది చెట్ల మీద బతికే పిట్ట, ఓహియా పూలకు అలవాటు పడినది. ఇసుక నేల మీద చిన్న పొదల్లో బతకడం లేసాన్ పిట్ట ఎన్నో వేల ఏళ్లలో నేర్చుకున్న విద్య. ఆ విద్య దానితోనే పోయింది.

#12 · లెహువా

విత్తనాల మూట గారూ, మీతో ఏకీభవిస్తాను. ఒక భయం మాత్రం ఉంది. ఈ దీవుల్లో చాలా వరకు సముద్ర మట్టానికి కొద్ది మీటర్ల ఎత్తులోనే ఉన్నాయి. 2018లో వాలకా తుపాను వచ్చి ఇదే వరుసలోని ఈస్ట్ ఐలాండ్‌ను దాదాపు పూర్తిగా ఊడ్చేసింది. లేసాన్ దానికన్నా చాలా పెద్దదే. అయినా వార్త విన్న రోజున మ్యాప్ తెరిచి లేసాన్ ఎంత దూరంలో ఉందో కొలిచి చూసుకున్నాను.

#13 · నల్లరేగడి

కుందేళ్లు ఇప్పుడు అక్కడ ఒక్కటి కూడా లేవంటారు, అంతేనా? ఆ ఒక్క మాట మళ్లీ చెప్పండి.

#14 · ఉప్పుటేరు

లేవండీ. 1923 తర్వాత ఒక్కటీ లేదు.

ఈ రోజు ఆదివారం, కోరంగి వైపు వెళ్లాను. లేసాన్ అపపానే తేనె తాగిన పూలలో సెసూవియం అనే మొక్క పూలు ఉన్నాయని చదివాను. అది మన తీరంలోనూ ఉంది. మడ అడవి అంచున ఉప్పు నేల మీద పాకుతుంది, దళసరి ఆకులు, గులాబీ రంగు చిన్న పూలు. పల్లేరు జాతి పూలలోనూ ఆ పిట్ట తేనె తాగేదట. పల్లేరు మన దారుల వెంట ఎంత ఉందో చెప్పనక్కరలేదు. ఇన్నేళ్లుగా తొక్కుకుంటూ నడిచిన మొక్కలు.

ఇసుక మీద పాకే ఇంకో తీగ, గరాటు పూలది, లేసాన్ ఇసుకలోనూ ఉంటుంది. దాన్ని మనవైపు పాత పుస్తకాల్లో చెవులపిల్లి తీగ అన్నారు. చెవులపిల్లి అంటే కుందేలే.

సెసూవియం పక్కన కూర్చుని కాసేపు చూశాను. ఒక పువ్వు మీద చిన్న తేనెటీగ వాలింది, లేచింది, పక్క పువ్వు మీద వాలింది. ఆటు వచ్చి నీళ్లు పాదాలకు తగిలేదాకా అక్కడే ఉన్నాను. ఫొటో తీశాను, సాయంత్రం ఇక్కడ పెడతాను.